నెమలిని తొక్కితే బండి ఆగాలి

జోల్వా,
6 జులై 2020.

రుచితా, నా బంగారు తల్లీ,

ఉత్తరం చూసి కంగారు పడకు. మీ తాత సోమలింగం బాగానే ఉన్నాడు, దగ్గు లేదు, జ్వరం లేదు. ఫోన్ చేయొచ్చు కదా అంటావు. నలభై రెండేళ్లు చీరలు నేసే సాంచాల మోతలో ఉన్న చెవులకు ఫోన్ ఎందుకమ్మా? మొన్న మీ నాన్న చేస్తే అరగంట సేపు ఊళ్లో కబుర్లన్నీ చెప్పాను. వాడు పది నిమిషాలకే పెట్టేశాడని తర్వాత తెలిసింది.

ఇన్నాళ్లూ ఎదుటివాళ్ల పెదవులు చూసి సగం, ఊహించి సగం నెట్టుకొచ్చాను. సాంచాలు నడిపేవాళ్లందరికీ ఆ విద్య వస్తుంది. ఇప్పుడు లోకమంతా మూతికి మాస్కు కట్టుకుంది, నా విద్య మంటగలిసింది. అందుకే ఉత్తరం. మీ హజీరా కంపెనీ బస్సు నడిపే బిక్షపతి మా పక్క గల్లీలోనే ఉంటాడు. తీసుకెళ్లి మీ క్వార్టర్ గుమ్మంలో పెడతానన్నాడు. మనిషి మంచివాడే కానీ చేతిలో ఎప్పుడూ శానిటైజర్ సీసా ఉంటుంది. ఉత్తరం మీద కొట్టొద్దని దండం పెట్టాను.

అసలు విషయానికి వస్తాను. నువ్వు కూర్చున్నావా? కూర్చో.

ఈ సూరత్ కార్ఖానాలో నలభై ఎనిమిది సాంచాలు. మనవాళ్లూ ఒడియా వాళ్లూ మే నెలలో రైళ్లెక్కి ఊళ్లకు పోయారు. నటూభాయి శేట్ నన్ను కాపలా ఉండమన్నాడు. పని లేదు, పలకరించే మనిషి లేడు. నిన్న ఒక పిల్లి వెనకాల పోయాను. అది చిందీ మూటల్లోకి, అదే కత్తిరింపు గుడ్డముక్కల మూటల్లోకి దూరింది. అవి ఎన్నేళ్ల నుంచి ఉన్నాయో శేట్‌కే తెలియదు. నాలుగు మూటలు లాగాను. లోపల నుంచి ఒక గుండ్రని కన్ను నన్ను చూసింది.

కారు! రుచితా, కారు! మా తాతకు పెళ్లి కాకముందు కారు! చక్రాలకు కట్టె ఆకులు, ఎడ్లబండికి ఉన్నట్టు. పైన గుడ్డ టాపు. ముందు ఒక ఇనుప పిడి వేలాడుతోంది. పేరు రాసిన బిళ్ల ఎక్కడా లేదు. నేను నవ్వాను, గెంతాను, పిల్లి పారిపోయింది.

శేట్‌ను అడిగితే అది వాళ్ల తాత ఎక్కడో కొన్నదట, ఏ కంపెనీదో ఎవరికీ తెలియదట. దీపావళికి కార్ఖానా దులిపించి, పాత సామానంతా కబాడీకి ఇస్తాడట. నేను ఆ కారు నడిపిస్తానన్నాను. శేట్ కళ్లలో నీళ్లొచ్చేలా నవ్వి, "సోమలింగం కాకా, నడిపిస్తే కబాడీకి ఇయ్యను పో" అని పలక మీద రాశాడు.

ఎందుకు నడపాలో నీకు వేరే చెప్పాలా? మార్చిలో మీ నాయనమ్మ అలిగి మీ ఇంటికి వచ్చేటప్పుడు గడప దాటి వెనక్కి తిరిగి ఏమన్నదో నువ్వు విన్నావు. "కారు తెచ్చి పిలిస్తేనే మళ్ల ఈ గడప తొక్కుత!" ఆ ఒక్క మాట మాత్రం ఆమె పెదవుల మీద చక్కగా చదివాను. తర్వాత లాక్‌డౌన్ వచ్చింది. నాలుగు నెలలు అవుతోంది. మూడు పూటలూ నా వంట నేనే తింటున్నాను, అంతకంటే శిక్ష ఏముంటుంది?

పేరు తెలియని బండిని ముట్టనంటున్నాడు బిక్షపతి. ఏది తొక్కితే ఏమవుతుందో ఎవరికి తెలుసు? నువ్వు మెకానికల్ డిప్లొమా చదువుతున్నావు. ఈ బండి పేరేమిటో కనిపెట్టు. మీ నాయనమ్మకు మాత్రం ఒక్క ముక్క చెప్పొద్దు.

మీ తాత.


హజీరా,
14 జులై 2020.

తాతా, తాతా, తాతా!

నీ ఉత్తరం ఆన్‌లైన్ క్లాసు నడుస్తుండగా వచ్చింది. చదివి కెవ్వుమన్నాను. మైకు మూయలేదు. యాభై ఎనిమిది మందీ, సారూ విన్నారు. సారు "ఎనీ డౌట్?" అన్నారు. లేదు సార్, కారు దొరికింది సార్ అన్నాను. నా పరువు ఖలాస్.

నాయనమ్మకు చెప్పను. ఒట్టు. ఆమె బాగుంది, కాలి నొప్పి తగ్గింది. నీ గురించి అడగలేదు. అంటే, పెద్దగా అడగలేదు.

నాలుగు రోజులుగా ఇదే చదువుతున్నాను. నీ దగ్గర కెమెరా ఫోన్ లేకపోవడమే మంచిదయిందేమో, ఫొటో ఉంటే నేను ఇంత నేర్చుకునేదాన్ని కాదు. పాత కార్లను గుర్తుపట్టడం అచ్చం నీ పనేనట! నువ్వు కొంగు చూడకుండా, అంచు మాత్రం వేలితో తడిమి ఏ కార్ఖానా చీరో చెప్పేస్తావు చూడు, అలాగే వీళ్లు ముక్కు చూస్తారు, చక్రాలు చూస్తారు, దీపాలు చూస్తారు. ముందున్న రేడియేటర్ ఇత్తడిదైతే ఒక కాలం, నల్ల రంగు ఇనుముదైతే ఇంకో కాలం. దీపంలో కార్బైడ్ గ్యాసు మండేదైతే పాతది, కరెంటు తీగ ఉంటే కొంచెం కొత్తది.

కాబట్టి చూసి చెప్పు. రేడియేటర్ ఏ రంగు? దీపాల వెనక తీగ ఉందా, లోపల వత్తి ఉందా? చక్రానికి ఆకులెన్ని? కింద పడుకుని చూడు, స్ప్రింగు పట్టీలు ఎటు పరుచుకుని ఉన్నాయి? కాళ్ల దగ్గర ఎన్ని పెడళ్లు? గేర్ కర్ర ఎక్కడుంది? పెట్రోలు ఎక్కడ పోస్తారు? అద్దం నిటారుగా ఉందా, వాలి ఉందా? బొమ్మ కూడా గీయి తాతా, నీ చేతి బొమ్మ.

బిక్షపతి మామ నీ ఉత్తరం మీద కొట్టనే కొట్టాడు. 'గుండ్రని కన్ను' దగ్గర సిరా కారి కన్ను ఏడుస్తున్నట్టుంది.

నీ రుచిత.


జోల్వా,
27 జులై 2020.

రుచితా,

నీ ప్రశ్నలకు జవాబు కోసం బండి కింద రెండు రోజులు పడుకున్నాను. మూడో రోజు లేవలేకపోయాను. బిక్షపతి కాళ్లు పట్టి బయటికి లాగాడు.

రేడియేటర్ నల్లది. గీకి చూశాను, అడుగున ఇత్తడి లేదు, ఇనుమే. పెద్ద దీపాలకు కరెంటు తీగ ఉంది. అద్దం పక్కన రెండు చిన్న దీపాలున్నాయి, వాటికి మాత్రం వత్తి, కిరసనాయిలు వాసన. అటూ ఇటూ కాని కాలంలో పుట్టిన బండి, నాలాగే. చక్రానికి పన్నెండు ఆకులు. అద్దం నిటారు. ముందు రెండు చక్రాలకూ కలిపి ఒకటే స్ప్రింగు, అడ్డంగా, వెనకా అంతే. పెట్రోలు పీపా డ్రైవర్ సీటు కిందనే ఉంది, సీటు ఎత్తి పోయాలి. నిప్పు మీద కూర్చున్నట్టే! స్టీరింగ్ కింద అటొకటి ఇటొకటి సన్నని ఇనుప మీసాలు, కిందికీ పైకీ కదులుతాయి. గేర్ కర్ర అని నువ్వు అడిగింది లేనే లేదు, సీటు పక్కన చేతి బ్రేకు కర్ర ఒక్కటే ఉంది. తలుపులు నాలుగు, నాలుగూ తెరుచుకుంటాయి. రోజూ స్టీరింగ్ పక్క తలుపు తీసి కూర్చుని చాయ్ తాగుతున్నాను.

పెడళ్లు మూడు. వాటి మీద ఏ గుర్తులూ లేవు, అందుకే పేర్లు నేనే పెట్టి సుద్దతో బుటా బొమ్మలు వేశాను. ఒకటి నెమలి, మధ్యది కమలం, ఇంకోటి మామిడిపిందె. నువ్వు జవాబు రాసేటప్పుడు ఆ పేర్లతోనే రాయి, నాకు సులువు.

బొమ్మ జాకార్డ్ గ్రాఫ్ కాగితం మీద గీశాను. కంప్యూటర్లు రాకముందు ఈ జోల్వాలో సగం చీరల నక్షలు ఈ చెయ్యి గీసినవే. గడి గడీ లెక్కే. సైజు తెలియాలని పక్కన నన్ను కూడా నిలబెట్టుకున్నాను. సాంచాలో అటూ ఇటూ పరుగెత్తే నాడె తగిలి తెగిన చిటికెన వేలు కూడా వదల్లేదు, కావాలంటే చూసుకో.

శేట్ మొన్న వచ్చి, ఇది ఏ నవాబుదో రోల్స్ రాయిస్ అయి ఉంటుందని మీసం తిప్పాడు. మాస్కు లోపల తిప్పాడు కాబట్టి కనిపించలేదు, చెయ్యి కదిలింది.

మీ నాయనమ్మ పెద్దగా అడగలేదు అన్నావు. చిన్నగా ఏమడిగింది?

మీ తాత.


హజీరా,
19 ఆగస్టు 2020.

తాతా!

దొరికింది! డాబా మీద ఒక్కదాన్నే డాన్స్ చేశాను. పక్క క్వార్టర్ ఆంటీ నాకు కరోనా టెస్టు రిజల్టు నెగెటివ్ వచ్చిందనుకుని అభినందనలు చెప్పింది.

నీ బండి పేరు ఫోర్డ్ మోడల్ టి. అడ్డంగా ఒకే స్ప్రింగు, మూడు పెడళ్లు, గేర్ కర్ర లేకపోవడం, సీటు కింద పీపా, ఇవన్నీ కలిపి చూస్తే ఇంకోటి అయ్యే వీలే లేదు. ఇత్తడి ముక్కు పోయి నల్ల ముక్కు వచ్చింది కాబట్టి 1917 తర్వాతది, అద్దం నిటారుగా ఉంది కాబట్టి మరీ తర్వాతదీ కాదు. నూరేళ్ల బండి తాతా! శేట్‌కు చెప్పు, నవాబుది కాదు. రైతులూ డాక్టర్లూ బడి పంతుళ్లూ కొనుక్కున్న బండి. నాకు అదే ఎక్కువ నచ్చింది.

ఇంకో తమాషా విను. పెట్రోలు దానంతటదే కిందికి జారి ఇంజన్లోకి వెళ్లాలి, పంపు లేదు. కాబట్టి నిటారు గుట్ట ఎక్కాలంటే బండిని వెనక్కి తిప్పి రివర్సులో ఎక్కించేవారట! ఇంట్లో ఎవరికి చెప్పినా నమ్మడం లేదు.

ఒక్కటే తేడాగా ఉంది. నీ బొమ్మలో స్టీరింగ్ ఎడమ వైపుంది. అంటే అమెరికా రోడ్ల కోసం చేసిందన్నమాట. కానీ ఆ కాలపు అమెరికా బండికి డ్రైవర్ పక్క తలుపు ఉండదు, తలుపు గీత మాత్రం రేకు మీద ఒత్తి ఉంటుంది, ఉత్త బొమ్మ. నువ్వేమో ఆ తలుపు తీసి చాయ్ తాగుతున్నానంటున్నావు. ఎవరో తర్వాత కోసి పెట్టించారేమో. సరేలే.

ఇప్పుడు జాగ్రత్తగా చదువు. మూడు పెడళ్లలో ఎడమ చివరది తొక్కితే బండి ముందుకు పోతుంది. మధ్యది వెనక్కి. కుడి చివరది బ్రేకు. నీ నక్ష ప్రకారం మామిడిపిందె తొక్కితే ముందుకు, కమలం తొక్కితే వెనక్కి, నెమలిని తొక్కితే బండి ఆగాలి. ఇంజన్ తిప్పే ముందు ఎడమ మీసం పూర్తిగా పైకి నెట్టు, లేకపోతే ఆ పిడి ఎదురు తిరిగి చెయ్యి విరగ్గొడుతుంది. పిడి పట్టుకునేటప్పుడు బొటనవేలు కూడా మిగతా వేళ్ల పక్కనే ఉంచు. స్టార్టయ్యాక మీసాన్ని మెల్లగా కిందికి దించుతూ చప్పుడు వినాలి. ఎక్కడ చప్పుడు సాఫీ అయితే అక్కడ ఆపాలి.

చప్పుడు వినే పని బిక్షపతి మామకు ఇవ్వు.

చిన్నగా ఏమడిగిందంటావా? నీళ్ల ట్యాంకు నిండాక మోటరు కట్టేస్తున్నాడా అని అడిగింది. నీళ్లు పొర్లే చప్పుడు నీకు వినపడదు కదా.

నీ రుచిత.


జోల్వా,
5 అక్టోబర్ 2020.

రుచితా,

బతికే ఉన్నాను. ముందు అది తెలుసుకో.

నెలన్నర కష్టపడ్డాం. బిక్షపతి బస్సు డ్యూటీ అయ్యాక వచ్చి పీపా కడిగాడు, ప్లగ్గులు గీకాడు, బ్యాటరీ ఒకటి ఎక్కడి నుంచో పట్టుకొచ్చాడు. టైర్లు ముట్టుకుంటే పొడి రాలాయి. ఆ సైజు టైర్లు సూరత్ రింగ్ రోడ్ బజారంతా తిరిగినా దొరకవు, అక్కడ దొరికేది చీరలే కదా. పాత స్కూటర్ టైర్లు కోసి చక్రాలకు చుట్టి, లోపల చిందీ పేని తాళ్లు చేసి కుక్కాం. ఇప్పుడు ఈ బండి కాళ్లలో ముప్పై ఏళ్ల సూరత్ చీరలున్నాయి. ఒక చక్రంలో నేను నేసిన నెమలి కొంగు కూడా ఉంది.

నిన్న ఆదివారం బిక్షపతికి అత్యవసర డ్యూటీ పడింది. నేను ఆగలేకపోయాను. పిడి పట్టుకుని తిప్పాను, బొటనవేలు నువ్వు చెప్పినట్టే పెట్టాను. పద్దెనిమిదోసారికి అందుకుంది! మొదట గొణిగింది. నాలుగు సిలిండర్లలో ఒకటి తడబడుతోంది, మన పద్నాలుగో నంబర్ సాంచా నాడె పెట్టె వదులైనప్పుడు మధ్య మధ్య టక్కున తప్పేది చూడు, అచ్చం అదే చప్పుడు. మీసాన్ని రెండు పళ్లు కిందికి దించాను. ఆహా, సాఫీ అయిపోయింది. నేలంతా చక్కిలిగింతలు పెట్టినట్టు వణికింది. నేను ఏడ్చాను, నవ్వాను, రెండూ ఒకేసారి.

తర్వాత ఎక్కి కూర్చున్నాను. నీ ఎడమా కుడీ లెక్కలన్నీ దాటేసి, బుటా పేరు ఒక్కటే చూసుకుని మామిడిపిందె తొక్కాను. కదల్లేదు. ఇంకా గట్టిగా తొక్కాను. కదల్లేదు. సరే దిగి చూద్దామని, దిగే ముందు జాగ్రత్త కోసం బ్రేకు, అదే నెమలిని తొక్కాను.

రుచితా, నెమలి ఎగిరింది!

బండి ముందుకు దూకింది. ఆపాలని నెమలిని ఇంకా తొక్కాను. ఎంత తొక్కితే అంత ముందుకు! వార్పు మిషను తప్పించాను, శేట్ కుర్చీని తప్పించలేకపోయాను, అది ఇప్పుడు కుర్చీ కాదు. నీళ్ల డ్రమ్ము చుట్టూ ఒక చుట్టు తిరిగాను. చివరికి చిందీ మూటల్లోకి బండి ముక్కుతో సహా దూరిపోయి ఆగింది. మొదట ఏ మూటల్లో దొరికిందో ఆ మూటల్లోకే. నా మీద మూడు మూటలు పడ్డాయి. దెబ్బ ఒక్కటీ లేదు. పిల్లి గోడ మీద కూర్చుని అంతా చూసింది.

నువ్వు డిప్లొమా ఏ కాలేజీలో చదువుతున్నావు? ఫీజు వాపసు అడుగు. దీపావళి ఇంకా నలభై రోజులే, కబాడీవాడు అప్పుడే వచ్చి టేపు పెట్టి కొలుచుకుని పోయాడు. అసలు బ్రేకు ఏదో వెంటనే రాయి.

మీ తాత.


హజీరా,
11 అక్టోబర్ 2020.

తాతా,

తిట్టు, కానీ చివరిదాకా చదివి తిట్టు.

నేను ఒట్టు వేసి ఒట్టు తప్పాను. నీ మొదటి ఉత్తరం వచ్చిన రోజే నాయనమ్మ నా వెనక నిలబడింది. "ఏంది పిల్లా, గంతగనం నవ్వుతున్నవ్? సదువు, నేను గూడ ఇంట" అంది. అప్పటి నుంచి ప్రతి ఉత్తరం ఆమెకు చదివి వినిపిస్తున్నాను. ఒక్కోటి మూడేసి సార్లు. తనకు చెప్పొద్దని నువ్వు రాసిన చోట అయితే ఇంకా ఎక్కువ సార్లు చదివించుకుంది.

నీ ప్రమాదం సంగతి చదువుతుంటే మొదట గుండె పట్టుకుంది. నీళ్ల డ్రమ్ము చుట్టూ తిరిగావన్న చోట చీర చెంగు నోట్లో కుక్కుకుంది. పిల్లి దగ్గర ఇక ఆగలేదు, ఇద్దరమూ మంచం మీద పడి దొర్లాం. అమ్మ వచ్చి తిట్టి వెళ్లింది.

తర్వాత కళ్లు తుడుచుకుని, "నక్ష తే" అంది.

చాలాసేపు చూసింది. "గీ బొమ్మల మీ తాతకు ఏ చేతి వేలు తెగింది?"

"కుడి చేతిది."

"మీ తాతకు తెగింది ఎడమది. రక్తం కారుతుంటె గుడ్డ కట్టింది నేనేనాయె, నాకు తెల్వదా? ముసలోడు నక్ష తిర్లమర్ల గీసిండు."

నాకు అర్థం కాలేదు. అప్పుడు ఆమె చెప్పింది. సాంచా మీద చీర బోర్లా పడుకుని ఉంటుందట, నేసేవాడికి వెనక వైపే కనిపిస్తుందట. అందుకని నక్ష తిరగేసి గీస్తారట. "ఆయన చేతికి గ్రాఫ్ కాయితం దొరికితె చెయ్యి దానంతటదే తిరగేస్తది. ముప్పై ఏండ్లు ఆ చీరల ఎనుక దారాలు కత్తిరించిన, నాకు ఎనుక ఏదో ముందు ఏదో తెల్వదా?" అని కాగితాన్ని తిప్పి కిటికీ అద్దానికి ఆనించి పట్టుకుంది.

వెలుతురులో అవతలి వైపు నుంచి బొమ్మ కనిపించింది. స్టీరింగ్ కుడి వైపు! చేతి బ్రేకు కర్ర కుడి వైపు! పెడళ్లు ఎడమ నుంచి నెమలి, కమలం, మామిడిపిందె!

తాతా, నీ బండి కెనడాలో చేసింది. కుడి స్టీరింగ్ దేశాలకు, మన దేశానికి కూడా, ఫోర్డ్ బండ్లు అక్కడి నుంచే ఓడల్లో వచ్చేవట. కెనడా వాటికి డ్రైవర్ పక్క తలుపు నిజంగానే తెరుచుకుంటుందట! నీ చాయ్ తలుపు అసలు తలుపే. నేను వారం రోజులు బుర్ర బద్దలు కొట్టుకున్నది నాయనమ్మ కిటికీ దగ్గర ఒక్క నిమిషంలో తేల్చింది. నెమలి ముందుకు, కమలం వెనక్కి, మామిడిపిందె బ్రేకు. ఇదే ఖాయం. నా ఫీజు వాపసు నాయనమ్మకు ఇప్పించు.

అంతా అయ్యాక కాగితం మడిచి నా చేతిలో పెట్టి, నవ్వు ఆపి, ఇంకో మాట అంది. ఉన్నది ఉన్నట్టు రాయమంది.

"గది సరే. బిక్షపతి ఆ పొద్దు లేడు గద. చెవిటోనికి ఇంజన్ తడబడ్డది ఎట్ల ఇనిపించింది? గది అడుగు."

నీ రుచిత.


జోల్వా,
18 అక్టోబర్ 2020.

రుచితా, ఇది నీకు కాదు. మీ నాయనమ్మకు చదివి వినిపించు. సిగ్గనిపిస్తే గబగబా చదివెయ్.

ఐలమ్మా,

పెళ్లయి నలభై తొమ్మిదేళ్లకు నీకు ఉత్తరం రాస్తున్నాను. ఈ మార్చి దాకా వారం రోజులు కూడా విడిగా ఉండలేదు, రాసే పని ఎప్పుడు పడింది?

దొరికిపోయాను. నీ కొడుకు సంపత్ తెచ్చిన చెవి మిషను పెట్టుకున్నాను. కారు కోసం పెట్టుకున్నాను. ఇంజన్ చప్పుడు వినేవాడు ఇంకెవడూ లేక డబ్బా తెరిచాను. నీ గొంతు కోసం పెట్టుకోనివాడు ఇనుప బండి కోసం పెట్టుకున్నాడని నువ్వు అంటావు. అను. నిజమే.

కానీ ఒక మాట నీకు చెప్పలేదు. ఫిబ్రవరిలో నువ్వు స్నానాల గదిలో జారిపడి అరగంట సేపు నన్ను పిలిచావు. నేను నాలుగు అడుగుల దూరంలో కూర్చుని పేపరు చదువుకుంటున్నాను. పక్కింటి కనకవ్వ వచ్చి నా చేతిలో పేపరు లాగేసేదాకా తెలియలేదు. తర్వాత మిషను వచ్చింది. ఒక రోజు పెట్టుకుని తీసేశాను. అది ఈల వేస్తోందని అందరికీ చెప్పాను. ఈల కాదు ఐలమ్మా. పెట్టుకోగానే నాకు మొదట వినపడింది నువ్వు అడుగు వేసినప్పుడల్లా 'అమ్మా' అనడం. నా ముందు నవ్వుతూ తిరుగుతున్నావు, అటు తిరిగి మూలుగుతున్నావు. అరగంట పిలిచిన పిలుపు కూడా ఇలాగే ఉండి ఉంటుంది అనిపించింది. వినలేకపోయాను. పిరికివాణ్ని, తీసేశాను. నువ్వేమో 'నా గొంతు వినడం ఈయనకు ఇష్టం లేదు' అనుకుని వెళ్లిపోయావు.

ఇంజన్ విని తీసేద్దామనుకున్నాను. ఇంజన్ ఆగాక కాకి అరిచింది. ట్యాంకు పొర్లుతోంది, పరుగెత్తి మోటరు కట్టాను. పిల్లి గురక పెడుతుందని నాకు తెలియనే తెలియదు. అన్నీ వినపడ్డాయి, నీ తిట్లు తప్ప. అప్పటి నుంచి తీయలేదు.

బండి హజీరా దాకా రాదు. కాగితాలు లేవు, పోలీసులు పట్టుకుంటారు, చక్రాల్లో ఉన్నది చీరలు. మెయిన్ రోడ్ మలుపు నుంచి కార్ఖానా దాకా మన కచ్చా దారిలో ఒక్క కిలోమీటరు వస్తుంది. అంతే తేగలను. వస్తావా?

సోమలింగం.


హజీరా,
1 నవంబర్ 2020.

తాతా,

నీ ఉత్తరం గబగబా చదవలేకపోయాను. మధ్యలో రెండుసార్లు ఆగాల్సి వచ్చింది. నాయనమ్మ లేచి వెళ్లి రెండు గ్లాసుల మజ్జిగ తాగింది. తర్వాత "గింత మాట మార్చిలనే చెప్పొచ్చు గద, ముసలోనికి ఏం రోగం" అని ముక్కు చీదుకుంది.

ఆమె హుకుం రాస్తున్నాను. ఎనిమిదో తారీఖు ఆదివారం బిక్షపతి మామ బస్సులో వస్తుంది, పొద్దున తొమ్మిదింటికి మలుపు దగ్గర దిగుతుంది. బండి అక్కడ సిద్ధంగా ఉండాలి. హారన్ కొట్టి జనాన్ని పోగు చేయొద్దు. ఉతికిన అంగి తొడుక్కోవాలి. నెమలి ఏదో మామిడిపిందె ఏదో ముందు రోజు పదిసార్లు తొక్కి చూసుకోవాలి. తను వెనక సీట్లో కూర్చుంటుంది, ముందు కూర్చోదు, నీ మీద ఇంకా అంత నమ్మకం రాలేదట.

నాకు సెమిస్టర్ పరీక్ష ఉంది, రాలేను! నా బండి, నేను గుర్తుపట్టిన బండి, నేను చూడలేను! అన్నీ రాయాలి, ఒక్క ముక్క వదిలినా ఊరుకోను.

నీ రుచిత.


జోల్వా,
10 నవంబర్ 2020.

బిడ్డా రుచితా, నీ నాయనమ్మ ఐలమ్మ రాపిస్తున్న ఉత్తరం ఇది. నేను చెప్తున్న, మీ తాత రాస్తున్నడు. చెప్పింది చెప్పినట్టు రాయాలె, సొంత తెలివి జొప్పియ్యద్దని ముందే ఒట్టు పెట్టించుకున్న.

బస్సు దిగేసరికి బండి ఆడనే ఉంది. నల్లగ తళతళ మెరుస్తుంది. ముందట బంతిపూల దండ. మీ తాత స్టీరింగ్ పట్టుకొని పెండ్లికొడుకు లెక్క బిర్రుగ కూసున్నడు. హారన్ కొట్టలే గని ఆ ఇంజన్ చప్పుడుకే సగం జోల్వా వచ్చింది. శేట్ గూడ వచ్చిండు, ఇంటిల్లిపాదిని తీసుకొని. (మొత్తం పదకొండు మంది, నేను లెక్కపెట్టాను.) ఏయ్, నడుమల నీ రాతలు రాయద్దన్న గద!

నేను మాస్కు పెట్టుకొని ఎనుక కూసున్న. నెమలి తొక్కిండు, బండి కదిలింది. చీరల చక్రాలు గద, మెత్తగ ఊగుకుంట పోయింది. పోరగాండ్లు ఎనుకంగ ఉరుకుతున్నరు. నాకు సిగ్గు, భయం, నవ్వు, అన్ని ఒక్కసారే. సగం తొవ్వల చూస్తునుగద, మీ తాత ఉతికిన అంగే తొడిగిండు గని తిర్లమర్ల తొడిగిండు! కుట్లన్ని బయటికి, జేబు లోపటికి!

నేను పిలవలే. మీద చెయ్యి ఎయ్యలే. మూతికి మాస్కు ఉంది, ఆయన మొఖం ముందట రోడ్డు మీద ఉంది. ఇంజన్ డగడగ అంటనే ఉంది. నా లోపల నేను అనుకున్నట్టే మెల్లగ అన్న, "ముసలోడా, అంగి తిర్లమర్ల తొడిగినవ్."

మామిడిపిందె తొక్కిండు. బండి ఆగింది. ఎనుకకు తిరిగి, "ఏందే, గిప్పుడా చెప్పేది? ఊరంత చూసినంక!" అన్నడు.

బిడ్డా, గప్పుడు నాకు ఏడుపు ఆగలే. ఆయనకు సుత ఆగలే. పోరగాండ్లు బండి కరాబయిందేమో అనుకొని నూకుడు మొదలువెట్టిన్రు. శేట్ ఉరికొచ్చి ఏమైంది కాకా అంటడు. ఏం చెప్తం? రోడ్డు నడుమల అంగి ఇప్పి, సక్కగ తొడుక్కొని, మల్ల నెమలి తొక్కిండు. కార్ఖానా దాకా గట్లనే పోయినం. శేట్ కబాడోన్ని పంపించేసిండు. "నడిచే బండిని ఎవడన్న అమ్ముకుంటడా" అంటుండు ఇప్పుడు, తనే కనిపెట్టినట్టు. కుర్చీ సంగతి మేము ఎత్తలే, ఆయన సుత ఎత్తలే.

నువ్వు పరీక్ష మంచిగ రాయి. వచ్చినంక ముందు సీట్ల నువ్వే కూసుందువు.

నీకు ఇంక నమ్మకం కాకపోతే గిది చూడు. నేను ఇప్పుడు లేచి వంటింట్లకు పోతున్న. ఆడికెళ్లి, అటు తిరిగి, మాస్కు పెట్టుకొని మెల్లగ ఒక్క మాట అంట. మీ తాత రాస్తడో లేదో చూడు.

'చాయ్ చల్లారుతుంది, రా.'

రాశాను రుచితా. వెళ్తున్నాను.